రెండు పికప్‌లూ తెరిస్తే బేస్ గిటారు గొంతు సన్నబడిపోతోంది, ఎందుకు?

నాలుగుతీగలు (ఏలూరు)

అందరికీ నమస్కారం. మా చర్చి గాయక బృందంలో బేస్ గిటారు వాయిస్తాను. నాది జాజ్ బేస్ నమూనాలో చేసిన వాద్యం. రెండు పికప్‌లు (తీగ ఊపును విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్టలు), రెండు వాల్యూమ్ నాబ్‌లు, ఒక టోన్ నాబ్. బ్యాటరీ లేనిది. ఒకరి దగ్గర పాతదే కొన్నాను గానీ, కొన్న కొత్తలో ఇ (E) తీగ, అంటే అన్నిటికంటే లావైనది, మీటితే కిటికీ అద్దం అదిరేది.

ఈ వేసవిలో బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే లోహపు ముక్క) దగ్గరి పికప్ ఉన్నట్టుండి మూగబోయింది. వాద్యాలు బాగుచేసే దుకాణంలో ఇస్తే, లోపల వైరు ఊడిందని చెప్పి అతికించి ఇచ్చారు. పికప్ పలుకుతోంది. కానీ అప్పటినుంచి కొత్త తంటా మొదలైంది.

మెడ వైపు పికప్ ఒక్కటే తెరిస్తే నిండుగా ఉంది. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే తెరిస్తే కాస్త ముక్కుతో పలికినట్టున్నా గట్టిగానే ఉంది. రెండూ పూర్తిగా తెరిచానంటే మాత్రం లోతంతా మాయం. వేలు తీగను వదిలేటప్పటి టిక్కుమనే చప్పుడు, పైన ఏదో గీసినట్టు ఒక రొద, అంతే మిగులుతుంది. దానికి తోడు గుయ్‌మనే మోత పెరుగుతుంది. తీగలను చేత్తో పట్టుకుంటే ఆ మోత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఇది ఒక్కటే అయితే మెడ పికప్‌తో నెట్టుకొచ్చేవాణ్ణి. ఆదివారం చర్చిలో మిక్సర్‌కు కలిపితే ఏ పికప్ తెరిచినా పలచగానే ఉంటోంది. ఇంట్లో చిన్న ప్రాక్టీసు యాంప్లిఫైయర్‌లో అదే వాద్యం పర్వాలేదు. చర్చిలో యాంప్లిఫైయర్ లేదు. దాదాపు పది మీటర్ల కేబుల్‌తో నేరుగా మిక్సర్ మీద ‘లైన్’ అని రాసి ఉన్న చోట గుచ్చుతాను. కీబోర్డు వాయించే అన్నయ్య నాది వినబడటం లేదని, ఎడమచేత్తో బేస్ కూడా తనే వాయించేస్తున్నాడు. ఇక నేను అక్కడ ఎందుకు నిలబడ్డట్టు?

తీగలు మార్చమని ఒకరు, పికప్‌లు రెండూ మార్చమని ఇంకొకరు చెప్పారు. దుకాణంవారేమో చెక్కకు తేమ పట్టిందన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పండి.


ఎడిసన్‌బేస్ (న్యూజెర్సీ)

తీగలు ఎంత పాతవి? నేనైతే ముందు అవే మార్చి చూస్తాను. చుట్టు ఉన్న తీగల సందుల్లో చెమట, చర్మం పొట్టు చేరితే శబ్దం గుడ్డ కప్పినట్టు అవుతుంది. కోస్తా ఉక్కపోతలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఇంకో మాట, కొత్త తీగ వేసేటప్పుడు చివర కత్తిరించే ముందు దాన్ని శ్రుతి సరిచేసే మేకు దగ్గర లంబకోణంలో వంచాలి. వంచకుండా ముందే కత్తిరిస్తే లోపలి ఉక్కు తీగ మీది చుట్టు సడలిపోయి, కొత్త తీగే చచ్చిన తీగలా పలుకుతుంది. మీ వాద్యానికి తీగలు వేసినది ఎవరు?


పాతసోల్డరు (కాకినాడ)

నాలుగుతీగలు బాబూ, జబ్బు పేరు మీ ప్రశ్నలోనే ఉంది. పికప్‌లు మార్చకండి. తీగల సంగతి తరవాత. చెక్క తేమ పట్టి, రెండు నాబ్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రమే మూగబోయి, ఒక్కటి తెరిస్తే మళ్లీ పలుకుతుందా? ఆ చెక్కకు మనకంటే ఎక్కువ తెలివి ఉండాలి.

విడివిడిగా బాగా పలికి, కలిపితే నీరసపడుతున్నాయంటే పికప్‌లు రెండూ ఆరోగ్యంగా ఉన్నట్టు. బ్రిడ్జ్ పికప్ నుంచి వచ్చే రెండు వైర్లూ అతికించేటప్పుడు తారుమారయ్యాయి. రేడియోలు, యాంప్లిఫైయర్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. ఒకే పెట్టెలో రెండు స్పీకర్లు బిగించి ఒకదానికి ప్లస్సు, మైనస్సు తిరగేసి కలిపితే ఏమవుతుందో ఎన్నోసార్లు చూశాను. ఇదీ అదే.

తీగ ఊగినప్పుడు రెండు పికప్‌ల్లోనూ చిన్న విద్యుత్తు పుడుతుంది. రెండూ కలిసి పైకి, కలిసి కిందికి పోతే ఒకదానికొకటి తోడవుతాయి. ఒకదాని వైర్లు తిరగబడితే అది పైకి పోయేటప్పుడు రెండోది కిందికి పోతుంది. సున్నా దగ్గరికి వస్తాయి. అయితే అన్ని స్వరాలూ సమానంగా పోవు. అసలు స్వరం పలికేటప్పుడు తీగ మొత్తం ఒకే వంపుగా ఊగుతుంది కాబట్టి రెండు పికప్‌లకూ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అందుకే ముందు పోయేది అదే. పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు, తీగ మీద చిన్నచిన్న అలలు. మెడ పికప్ దగ్గర ఒక తీరుగా, బ్రిడ్జ్ దగ్గర ఇంకో తీరుగా ఉంటాయి. అవి పూర్తిగా కొట్టుకుపోవు. మీకు వినిపిస్తున్న గీసినట్టుండే రొద వాటిదే.

మోత పెరగడం రెండో సాక్ష్యం. జాజ్ బేస్ 1960లో వచ్చిన నమూనా. ఒక్కో పికప్‌లో రాగి తీగ ఒకే చుట్ట. అలాంటి చుట్ట ట్యూబులైటు చోకు నుంచి, ఫ్యాను రెగ్యులేటరు నుంచి కరెంటు మోతను ఇట్టే పట్టేస్తుంది. అందుకని ఈ రకం బేస్‌లో ఒక పికప్ చుట్టును రెండోదానికి ఎదురుగా చుట్టి, అయస్కాంతాలను కూడా ఎదురుగా పెడతారు. రెండు నాబ్‌లూ సమానంగా తెరిస్తే మోత కొట్టుకుపోవాలి, పాట కూడుకోవాలి. మీ దగ్గర మోత కూడుకుంటోంది, పాట కొట్టుకుపోతోంది. ఇంతకంటే స్పష్టంగా ఏ రోగమూ తన పేరు చెప్పుకోదు.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) మీద పలికే జి స్వరం 49. మోతకు రెట్టింపు 100, ఖాళీ (వేలు నొక్కని) జి తీగ 98. అంటే మోత జి స్వరం పక్కనే ఆనుకుని కూర్చుంటుంది. ఖాళీ జి తీగ మీటితే సెకనుకు రెండుసార్లు ఊగినట్టు వినిపిస్తుంది. శ్రుతి తప్పిందేమోనని చాలామంది మేకులు తిప్పుతారు. తప్పింది శ్రుతి కాదు.

ఇప్పుడు పరీక్ష. రెండు నాబ్‌లూ పూర్తిగా తెరిచి ఇ తీగ మీటండి. మోగుతుండగానే బ్రిడ్జ్ నాబ్‌ను మెల్లగా తగ్గించండి. సరిగ్గా ఉన్న వాద్యంలోనూ అక్కడ శబ్దం కొంచెం మారుతుంది. కానీ మీకు లోతు ఒక్కసారిగా తన్నుకొస్తే అనుమానం తీరినట్టే. ముల్లు ఉన్న పాత మల్టీమీటరు దొరికితే ఇంకా మంచిది. కేబుల్‌ను గిటారుకు గుచ్చి, రెండో చివర జాక్ కొనకూ ఒంటికీ మీటరు తీగలు పెట్టి, అన్నిటికంటే తక్కువ డీసీ స్కేలులో ఉంచండి. మెడ పికప్ ఒక్కటే తెరిచి, ఇనుప స్క్రూడ్రైవరు దాని మీద ఆనించి చటుక్కున లాగండి. ముల్లు ఎటు కొట్టుకుందో చూడండి. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే తెరిచి మళ్లీ చేయండి. రెండుసార్లూ ఒకే వైపు కొట్టుకోవాలి. అంకెలు చూపే మీటరు ఈ పనికి మందకొడి.

అంకెల మీటరే ఉంటే దాన్ని ఓముల మీద పెట్టి ఇంకొకటి చూడవచ్చు. ఈ రకం పికప్ ఒక్కోటి సుమారు 7 నుంచి 8 కిలో ఓములు చూపుతుంది, రెండూ తెరిస్తే అందులో సగం. ఏదైనా వంద కిలో ఓములు దాటిందంటే ఆ పికప్‌కు దారి తెగింది. వైర్లు తారుమారు కావడం మాత్రం ఓముల్లో కనబడదు, అది గుర్తుంచుకోండి.

మరమ్మతుకు తీగలు విప్పనక్కరలేదు. నాబ్‌లు బిగించిన లోహపు పలక మరలు తీసి, పలకను తిరగేసి గుడ్డ మీద పెట్టండి. ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. బ్రిడ్జ్ పికప్ నుంచి రెండు వైర్లు వస్తాయి. ఒకటి వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి, రెండోది కంట్రోల్ వీపు మీదికి. వాటిని ఒకదాని చోట ఒకటి పెట్టండి, అంతే. వీపు మీద పెట్టేటప్పుడు సోల్డరింగ్ ఇనుము బాగా వేడెక్కాలి. ఆ రేకు వేడిని తాగేస్తుంది. సరిగ్గా కరిగిన సోల్డరు నున్నగా పరుచుకుని మెరుస్తుంది. మసకగా, గుండ్రంగా, పెట్టిన బొట్టులా నిలబడితే అది అతుక్కోలేదు, గోటితో కదిపినా ఊడుతుంది. పైపులకు వాడే ఆసిడ్ పేస్టు జోలికి పోవద్దు. కొన్నాళ్లకు వైరును తినేస్తుంది.

తీగలు పట్టుకుంటే మోత తగ్గుతోందన్నారు కనుక బ్రిడ్జ్ కింది ఎర్తు వైరు బతికే ఉంది. దాన్ని ముట్టుకోకండి.


రాత్రిసౌండు (విజయవాడ)

మాస్టారు చెప్పినది వాద్యం లోపలి సంగతి. చర్చి సంగతి నేను చెబుతాను. పెళ్లిళ్లకు, సభలకు సౌండు పెట్టడం నా పని. బేస్ గిటారును నేరుగా మిక్సర్‌లో గుచ్చి వినబడటం లేదని వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను.

తమ్ముడూ, బ్యాటరీ లేని పికప్ బలహీనమైన ప్రాణి. ఇంట్లో మీ యాంప్లిఫైయర్ లోపలి నిరోధం దాదాపు పది లక్షల ఓములు; పికప్ మీద బరువు పడదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో అది పది, ఇరవై వేల ఓములే. పికప్ దాన్ని మోయలేదు. శబ్దం తగ్గుతుంది, పై స్వరాల స్పష్టత ముందు పోతుంది. పది మీటర్ల కేబుల్ దానికి తోడు. ఒక్కో మీటరుకు వంద పికోఫారడ్ల కెపాసిటెన్సు (విద్యుత్తును పట్టి ఉంచే గుణం) వంతున అది కూడా టోన్ నాబ్ తగ్గించినట్టే పని చేస్తుంది. నాబ్ మీద మీ చెయ్యి లేకుండానే టోన్ తగ్గిపోతుందన్నమాట.

దీనికి మందు డీఐ బాక్స్, అంటే పికప్ మీద బరువు పడకుండా శబ్దాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె. గిటారు నుంచి పొట్టి కేబుల్ దానికి, అక్కడినుంచి మైకు కేబుల్ మిక్సర్‌కు. మైకు కేబుల్ ఎంత పొడవున్నా ఇబ్బంది లేదు. మీలాంటి వాద్యానికి యాక్టివ్ రకం తీసుకోండి. అది మిక్సర్ ఇచ్చే 48 వోల్టులతో గానీ, లోపలి బ్యాటరీతో గానీ నడుస్తుంది. 48 వోల్టుల మీట నొక్కే ముందు ఛానల్ పూర్తిగా తగ్గించండి, లేకపోతే స్పీకర్లు టపామని పేలినంత పని చేస్తాయి.

అది కొనే లోపు ఒకటి చూడండి, ఖర్చు లేనిది. మీ ఛానల్ పైభాగంలో 75 అనో, 80 అనో, 100 అనో రాసి, పక్కన వంగిన గీత బొమ్మతో ఒక చిన్న మీట ఉంటుంది. లో కట్, అంటే కింది స్వరాలను ఆపేసే మీట. మైకులో ఊపిరి, స్టాండు తన్నిన చప్పుడు రాకుండా దాన్ని నొక్కుతారు. బేస్ ఖాళీ తీగలు ఇ 41, ఎ 55, డి 73 హెర్ట్జ్. ఆ మీట నొక్కి ఉంటే మూడు తీగల అసలు స్వరాలూ గడప దగ్గరే ఆగిపోతాయి. ఏ పికప్ తెరిచినా పలచగానే ఉందన్నారు చూశారా, నా అనుమానం దాని మీదే.

స్పీకర్ల సంగతి కూడా. సబ్ (లోతైన శబ్దం కోసమే ఉండే పెద్ద స్పీకరు) లేకుండా గోడకు తగిలించిన పెట్టెలు మాత్రమే ఉంటే 41 హెర్ట్జ్ వాటి నుంచి రాదు. కానీ ఇ తీగ రెండో హార్మోనిక్ 82 దగ్గర ఉంటుంది. అది వస్తే చాలు, చెవి మిగతాది తనే పూరించుకుంటుంది. అందుకని లో నాబ్‌ను ఆఖరు వరకు తిప్పి స్పీకరు పొరను చింపకండి. కీబోర్డు ఛానల్‌లో కింది భాగం తగ్గించండి, మీకు చోటు దొరుకుతుంది. ఎడమచేతి గొడవ మాత్రం మిక్సర్‌తో తీరదు. అన్నయ్యతో కూర్చుని, ఈ పాటలో కింది స్వరం నాది అని మాట్లాడుకోవాలి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు అంత స్పష్టంగా వినబడుతుందంటే, ఆ స్వరం చోట ఇంకో వాద్యాన్ని తోయకపోవడం కూడా కారణమే.

చివరిది ముఖ్యమైనది. వేదిక మీది జంక్షన్ బాక్సుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉందా, లేక ఎవరైనా రెండు పిన్నులది వేశారా చూడండి. తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలినప్పుడు చురుక్కుమంటే ఆ క్షణమే వాయించడం ఆపేసి, ఎర్తు చూసే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మోత పోతుందని ఎర్తు పిన్ను విరగ్గొట్టే మహానుభావులు ఉంటారు. మోత పోతుంది, మనిషి కూడా పోవచ్చు. మోత తగ్గించడానికి డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది; అది శబ్దపు కేబుల్‌లో షీల్డును మాత్రమే విడదీస్తుంది.


నాలుగుతీగలు (ఏలూరు)

మాస్టారూ, బ్రిడ్జ్ నాబ్‌ను కాస్త తగ్గించగానే లోతు గుప్పుమని వచ్చింది. పక్కింటి టీవీ మెకానిక్ దగ్గర ముల్లు మీటరు ఉంది; ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొట్టుకుంది. పలక విప్పితే కంట్రోల్ వీపు మీద నల్ల వైరు బదులు తెల్ల వైరు అతికి ఉంది. ఆ అతుకు కూడా మీరు చెప్పినట్టే బూడిద రంగు బొట్టులా నిలబడి ఉంది, పట్టకారుతో పట్టుకోగానే చేతిలోకి వచ్చింది. వైర్లు మార్చి పెట్టాం. రెండు నాబ్‌లూ తెరిస్తే మోత దాదాపు లేదు, ఇ తీగ మునుపటిలా నిండుగా పలుకుతోంది.

రాత్రిసౌండు అన్నగారూ, లో కట్ నొక్కే ఉంది. ఆ ఛానల్ ఇదివరకు ప్రసంగం మైకుదట. మీట పైకి రాగానే సౌండు చూసే కుర్రాడు ఉలిక్కిపడి ఛానల్ సగానికి తగ్గించాడు! డీఐ బాక్స్ ఒకటి అరువు తెచ్చి చూశాను, తీగ తీగ విడిగా వినబడుతోంది. సొంతంగా కొంటాను. ప్లగ్గు మూడు పిన్నులదే, ఎర్తు పని చేస్తోందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాడు. అన్నయ్య రెండు పాటలు నాకు వదిలేశాడు. మిగతావి బేరంలో ఉన్నాయి.

ఒక్కటి మిగిలింది. జి తీగ ఆరో ఫ్రెట్ మీద స్వరం పుట్టగానే చచ్చిపోతోంది. అయిదో దాంట్లో, ఎనిమిదో దాంట్లో బాగా సాగుతుంది. గరగర లేదు. కొత్త తీగలు వేశాను (వంచిన తరవాతే కత్తిరించాను), అయినా అంతే. ఇది కూడా వైరింగా?


ఎడిసన్‌బేస్ (న్యూజెర్సీ)

వైరింగ్ కాదు. అది మీ వాద్యం మెడ చేసే పని. పొడవాటి మెడ తనకంటూ ఒక ఊపు ఉన్న వస్తువు. ఒక స్వరం ఆ ఊపుతో కలిస్తే తీగ శక్తిని మెడ లాగేసుకుంటుంది, తీగ ఆగిపోతుంది. ఈ నమూనా బేస్‌ల్లో అది జి తీగ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య పడటం మామూలే. చాలా ఖరీదైన వాటిలో కూడా ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే మేకులు ఉండే తల భాగానికి గుడ్డ చుట్టి, వడ్రంగులు వాడే చిన్న సి క్లాంపు బిగించి వాయించి చూడండి. తలకు బరువు పెరిగితే మెడ ఊపు మారుతుంది, చచ్చిన చోటు పక్క ఫ్రెట్‌కు జరుగుతుంది. జరిగితే అది మెడదే.


పాతసోల్డరు (కాకినాడ)

ఎడిసన్ బాబు చెప్పినది నిజం. దానికి ముందు పికప్‌ల ఎత్తు కూడా ఒకసారి చూడండి. దుకాణంవారు మరలు కదిపి ఉంటారు. తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తీగకూ పికప్ మీది అయస్కాంతానికీ మధ్య సందు కొలవండి. ఇ తీగ వైపు 3 మిల్లీమీటర్లకు కాస్త పైన, జి తీగ వైపు సుమారు రెండున్నర ఉంటే మంచిది. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగుతుంది. అలాంటప్పుడు ఒక్క ఫ్రెట్‌లో కాదు, పైకి పోయేకొద్దీ అన్నిటిలోనూ స్వరం వంకరపోతుంది. మీది ఒక్క చోటే కనుక మెడ మీదే అనుమానం.

క్లాంపు బిగించి చర్చికి వెళ్లకండి, పిల్లలు నవ్వుతారు. అదే స్వరం డి తీగ మీద పదకొండో ఫ్రెట్‌లో దొరుకుతుంది, అక్కడ వాయించండి.